సబ్‌స్టేషన్‌లో షిఫ్టు బయటి పనా?

సంపాదకుడు గారికి,

సబ్‌స్టేషన్ల కాంట్రాక్టు ఆపరేటర్ల ఆందోళన మీద పోయిన వారం మీరు రాసిన సంపాదకీయం చూశాను. అవుట్‌సోర్సింగ్ వల్ల డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలకు, ఆదా అవుతోందట. యూనియన్ అడిగినట్టు జీతాలిస్తే ఆ భారం వినియోగదారుడి నెత్తిన పడుతుందట. తీర్పు చెప్పారు గానీ లెక్క వెయ్యలేదు. ఆ లెక్కేదో నేను వేస్తాను.

ఒక ఆపరేటర్ నెల వేతనం 15,000 రూపాయలు అనుకుందాం. యజమాని కట్టాల్సిన పీఎఫ్, దాని పాలనా చార్జీలూ బీమా కలుపుకుని, 13 శాతం, 1,950. కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ 3.25 శాతం, 488. ఇక్కడికి 17,438. మనిషిని సరఫరా చేసే ఏజెన్సీ సర్వీస్ చార్జీ 3 శాతం వేసుకుంటే 523. ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ 3,233. అన్నీ కలిపి డిస్కం చెల్లించేది 21,194. కరెంటు అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే దారీ లేదు. తన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోను ఆపరేటర్ చేతికొచ్చేది 13,087. అదే మనిషికి డిస్కం అదే జీతం నేరుగా ఇస్తే 17,438తో సరిపోయేది. నెలకి తలకి 3,756 ఎక్కువ పెట్టి మధ్యలో ఒకణ్ణి పోషించడాన్ని మీ పత్రికలో ఆదా అంటున్నారు.

నిజంగా మిగిలేది ఒక్కచోటే. పక్క షిఫ్టులో అదే కుర్చీలో కూర్చునే రెగ్యులర్ ఆపరేటర్ స్కేలుకీ ఈ పదిహేను వేలకీ ఉన్న తేడా. దాన్ని కోత అనాలి.

ఇక సర్వీస్ చార్జీ సంగతి. మూడు శాతం కూడా అక్కర్లేదని పైసల్లో కోట్ చేసి టెండరు పట్టుకుపోయే ఏజెన్సీలున్నాయి. ధర్మానికి చేస్తున్నారా? పీఎఫ్ చలానా తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. కట్టరు, లేదా సగం మంది పేర్లకే కడతారు. బిల్లు మాత్రం అందరి పేర్ల మీదా పాసవుతుంది. ఈఎస్ఐలో ఆరు నెలల కాలానికి 78 రోజుల చందా పడకపోతే జబ్బు చేసినప్పుడు సెలవు భృతి రాదు. ఆ సంగతి మనిషికి తెలిసేది జబ్బు చేశాకే. ఏజెన్సీ మారినప్పుడల్లా పాతవాడు పోర్టల్‌లో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ వెయ్యకుండా పోతాడు, పీఎఫ్ బదిలీ అక్కడే ఇరుక్కుంటుంది. మనిషి మారడు, సబ్‌స్టేషన్ మారదు, బోర్డు మీద ఏజెన్సీ పేరు మారుతుంది. గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు ఏ ఏజెన్సీ దగ్గరా నిండవు.

ఇంతకీ ఆ కుర్చీలో చేసే పనేమిటో తెలుసా? 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో గంట గంటకీ ఒక్కో ఫీడరు (ఇక్కణ్ణుంచి కరెంటు బయటికి తీసుకెళ్లే లైను) ఓల్టేజీ, ఆంపియర్లు లాగ్‌షీట్‌లో రాయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఉష్ణోగ్రత చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చుకునే బ్రీదర్‌లో సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే తేమ పట్టిందని అర్థం, వెంటనే చెప్పాలి. బ్యాటరీలు డీలా పడితే ఫాల్ట్ వచ్చినప్పుడు కరెంటు ఆపే బ్రేకర్ ట్రిప్ కాదు, కాబట్టి వాటినీ కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికీ మించి ఎల్‌సీ. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు అడిగే లైన్ క్లియర్. బ్రేకర్ ఆపి, లైనుని విడదీసే ఐసొలేటర్ తెరిచి, బ్లేళ్లు విడిపోయాయో లేదో కంటితో చూసుకుని, ఎర్త్ చేసి, బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో నంబరు, టైము వేసి అప్పుడు ఎల్‌సీ ఇవ్వాలి. తీసుకున్నవాడే తిరిగి ఇస్తేగాని లైన్ చార్జ్ చెయ్యకూడదు, అంటే మళ్లీ కరెంటు వదలకూడదు. పక్కపక్క ఫీడర్ల పేర్లు ఒకేలా ఉండి, తర్వాతి షిఫ్టు మనిషి రాక ఎనిమిది గంటల షిఫ్టు పదహారైనవాడు తెల్లవారుజామున ఒక ఫీడరుకి బదులు ఇంకోటి ఆపాడనుకోండి, స్తంభం మీదున్నవాడు దిగిరాడు. అప్పుడు మెమో ఎవరి పేరున వస్తుందో చెప్పక్కర్లేదు. ఏజెన్సీ పేరున మాత్రం రాదు.

ఇది తాత్కాలిక పని అని వాదించే ధైర్యం ఎవరికుంది? 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం 10వ సెక్షన్ చూసుకోమన్నది ఇదే: పని ఏడాది పొడుగునా ఉంటుందా, సంస్థకి అవసరమైనదేనా, మామూలుగా రెగ్యులర్ సిబ్బందితో చేయించేదేనా. ఆ చట్టం కింది 1971 కేంద్ర నిబంధనల్లో 25వది ఒకే రకం పనికి ఒకే వేతనం అంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే ఇచ్చి తర్వాత వసూలు చేసుకోవాలని 21వ సెక్షన్ అంది. కాంట్రాక్టు కార్మికులు ఆటోమేటిక్‌గా పర్మనెంట్ కారని 2001లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే, అధికారులు అక్కడిదాకా చదివి పుస్తకం మూస్తారు. కాంట్రాక్టు ఉత్త ముసుగని తేలితే ఆ కార్మికులు అసలు యజమాని మనుషులేనని కూడా అదే తీర్పులో ఉంది. షిఫ్టు చార్ట్ వేసేది డిస్కం అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ. సెలవిచ్చేది ఏఈ. లాగ్‌షీట్ మీద డిస్కం పేరు. కాంట్రాక్టరు ముఖం ఆపరేటర్లలో సగం మంది చూసి ఉండరు. ముసుగుకి ఇంకా ఏం కావాలి?

కార్మిక శాఖ తనిఖీల గురించి రాస్తే ఈ ఉత్తరం కథల శీర్షికలోకి పోతుంది కాబట్టి వదిలేస్తున్నాను. గాలివానకి కరెంటు పోతే ‘అంధకారంలో పట్టణం’ అని మొదటి పేజీలో వేసే మీరు, ఆ రాత్రి లైన్ చార్జ్ చేసినవాడికి మూడు నెలలుగా జీతం పడలేదన్న వార్తని జిల్లా పేజీలో అంగుళంలో సర్దేస్తారు, అదీ వదిలేస్తున్నాను.

యూనియన్ డిమాండ్లలో మీరు ఎత్తనిది ఒకటుంది. ఏజెన్సీ నెల బిల్లుకి పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు జతచేయాలి, వాటిలోని పేర్లు ఆ నెల షిఫ్టు చార్ట్‌తో పోల్చి సరిపోతేనే పాస్ చేయాలి, ఒక నకలు సబ్‌స్టేషన్ గోడకి అంటించాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఇదైనా ఎందుకు కుదరదో డిస్కం అధికారుల్ని అడిగి, వచ్చే సంపాదకీయంలో రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు