పార్క్‌లేన్ పెద్దాయనకు నా కృతజ్ఞతలు

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు పదిహేను సెకన్ల నిడివి గల ఒక వీడియోను బిల్డర్ గారి కార్యాలయానికి పంపించాను. శుక్రవారం రాత్రి నుంచి ఇప్పటి వరకు అన్నీ కలిపి ఎనిమిది గంటలు కూడా నిద్రపోలేదు కాబట్టి ఈ రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. రేపటికి వాయిదా వేస్తే ఇందులో సగం మరిచిపోతానని భయమేసి, కళ్లు మూతలు పడుతున్నా రాయడానికి కూర్చున్నాను.

అమ్మ వేళకు వండి పెట్టింది, మావారు పాపను చూసుకున్నారు, తమ్ముడు నాతో వంతులు వేసుకుని రాత్రుళ్లు మేలుకున్నాడు. ఇంట్లోవాళ్లకు వేరుగా ధన్యవాదాలు చెబితే నవ్వుతారు. నేను చెప్పుకోవలసింది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మనమంతా సీటీసీ అని పిలిచే ఆ భవనంలో, మెట్ల పక్కన చిన్న బల్ల వేసుకుని పాత కంప్యూటర్ భాగాలు బాగుచేసి అమ్మే ఒక పెద్దాయన గురించి. తన పేరు రాయవద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు కాబట్టి పెద్దాయన అనే రాస్తాను.

నేను ఇంటి నుంచే పని చేస్తాను. కట్టబోయే ఇళ్లు లోపల ఎలా ఉంటాయో బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి బిల్డర్లకు ఇస్తాను. మా తమ్ముడు రాత్రిపూట అదే కంప్యూటర్‌లో ఆటలు ఆడుకుంటాడు. ఎన్నో ఏళ్లు సేవ చేసిన మా పాత ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-4460 తాలూకు మదర్‌బోర్డు పది రోజుల క్రితం పోయింది. ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఉన్న బోర్డు కొత్తది దొరకలేదు. అందుకని పాత వస్తువులు అమ్మే ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర ఏఎండీ కంపెనీ రైజెన్ 7 1700 ప్రాసెసర్‌ను, దానితో పాటు దానికి సరిపడే ఒక బీ350 మదర్‌బోర్డును కలిపి 11,000 రూపాయలకు కొన్నాను. పెట్టె విప్పి చూస్తే ప్రాసెసర్ అడుగున ఒక మూల పిన్నులు గాలివానకు ఒరిగిన వరిచేనులా వంగిపోయి ఉన్నాయి.

విక్రేతకు ఫొటోలు పంపాను. పిన్నులు వంగితే దానిని కొన్నవారి వల్ల జరిగిన నష్టంగానే పరిగణిస్తామని, పెట్టె విప్పుతున్నప్పుడు తీసిన వీడియో లేకపోతే వాపసు కుదరదని జవాబు వచ్చింది. గురువారం అంతా చాట్‌లో ఒకరి తర్వాత ఒకరు మారుతూ అవే నాలుగు వాక్యాలు పంపారు. వస్తువును ఎలా ప్యాక్ చేశారో, పంపే ముందు ఎవరు పరీక్షించారో ఒక్కరూ చెప్పలేదు. కొన్నవాడు తన ఇంట్లో కూర్చుని తన పార్సిల్‌ను తానే దొంగసొమ్ములా వీడియో తీసుకుంటూ విప్పాలన్నది ఎప్పటి నుంచి న్యాయమైందో నాకు అర్థం కాదు. ఈ విషయం మళ్లీ వస్తుంది, ప్రస్తుతానికి ఇక్కడ ఆపుతాను.

గడువు సోమవారం సాయంత్రం ఆరు గంటలు. శుక్రవారం ఉదయం ఆ పాడైన ప్రాసెసర్‌ను, బోర్డును, కొత్తగా కొన్న ర్యామ్‌ను, నా ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్‌ను సంచిలో వేసుకుని సీటీసీకి వెళ్లాను. ఇంటెల్ వారి ఐ7-7700కె ప్రాసెసర్ కొనాలన్నది నా ఉద్దేశం. తమ్ముడు ఏళ్ల తరబడి దాని పేరే జపిస్తున్నాడు, నేను అడిగిన స్నేహితులు కూడా గేమింగ్‌కు పాతవాటిలో అదే రాజు అన్నారు. పెద్దాయన బల్ల మీద సరిగ్గా అదే, దానికి సరిపడే జెడ్270 మదర్‌బోర్డు మీద బిగించి, నడుస్తూ ఉంది. నేను ధర అడిగాను. ఆయన ధర చెప్పకుండా, “దీని మీద ఏం పని చేస్తవమ్మా?” అని అడిగారు. ఈ పది రోజులలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

పని చెప్పాను. నా గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 అని, దానిలోని 6 జీబీ మెమరీలో ఈ ఇంటి దృశ్యం పట్టదని, అందుకే ప్రాసెసర్ మీదే రెండర్ చేస్తున్నానని, అంటే బొమ్మలను లెక్కకట్టి గీయిస్తున్నానని చెప్పాను. ఆయన నా ర్యామ్‌ను తన బల్ల మీది 7700కె కు తగిలించి, నా ఫైలులోని ఒక్క ఫ్రేమ్‌ను, అంటే వీడియోలోని ఒక్క బొమ్మను, రెండర్‌కు పెట్టారు. 13 నిమిషాల 50 సెకన్లు పట్టింది. అది నడుస్తున్నంత సేపూ ఆయన నా సంచిలోని ప్రాసెసర్‌ను భూతద్దం కింద పెట్టుకుని చూస్తున్నారు. ఎవరినో పిలిచి 0.7 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ తెప్పించారు. సీసం తీసేసిన ఆ పెన్సిల్ మొనను ఒక్కొక్క పిన్నుకు టోపీలా తొడిగి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టసాగారు. ఏఎం4 సాకెట్‌లో కూర్చునే ఇలాంటి ప్రాసెసర్‌కు 1331 పిన్నులు ఉంటాయి. అందులో వంగినవి ముప్పైకి పైనే. ఒక్కటి విరిగినా పని చేస్తుందో లేదో చెప్పలేమని, ఇంటెల్ వాటికైతే పిన్నులు బోర్డు మీద ఉంటాయి కాబట్టి ప్రాసెసర్‌కు ఈ బాధ లేదని చెబుతూనే, రెండు గంటల పాటు తల ఎత్తలేదు. ఈలోగా ఇద్దరు కొనుగోలుదారులు వచ్చి, ఎదురుచూసి, వెళ్లిపోయారు.

పిన్నులన్నీ వరుసలోకి వచ్చాక, ప్రాసెసర్‌ను సాకెట్‌లో పెడితే బరువు వెయ్యకుండానే కూర్చుంది. తెర మీద వెలుగు వచ్చింది. పెద్దాయన ప్రాసెసర్ మూత మీద ఉన్న సంవత్సరం, వారం అంకెలను ముందే చూసి పెట్టుకున్నారట. 2017లో వచ్చిన తొలి రైజెన్లలో కొన్ని, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మీద బరువైన పని పెట్టినప్పుడు మధ్యలో తెగిపోయేవని, కంపెనీ వాటిని మార్చి ఇచ్చిందని, నాది ఆ తర్వాత తయారైనదేనని చెప్పారు. బోర్డును లేపే సాఫ్ట్‌వేర్ అయిన బయాస్‌ను కొత్తదానికి మార్చారు. ర్యామ్ పుల్లలను రెండవ, నాలుగవ గాడిలోకి జరిపారు. నా ర్యామ్ మీద వేగం 3200 అని రాసి ఉన్నా బోర్డు దానిని 2133 మీదే నడుపుతోందని చూపించారు. ఈ రైజెన్‌లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, నాలుగేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయని, ఆ గుంపుల మధ్య దారి ర్యామ్ వేగంతోనే నడుస్తుంది కాబట్టి ర్యామ్ నెమ్మదిస్తే ప్రాసెసర్ కూడా కుంటుతుందని వివరించారు. 3200 పెడితే యంత్రం లేవలేదు, 2933 దగ్గర నిలబడింది. అప్పుడు అదే ఫ్రేమ్‌ను మళ్లీ రెండర్ చేస్తే 9 నిమిషాల 40 సెకన్లు వచ్చింది.

నా వీడియోకు 360 ఫ్రేములు కావాలి. ఆయన పాత రసీదు వెనుక లెక్క కట్టారు: 7700కె కు 83 గంటలు, నా రైజెన్‌కు 58 గంటలు. ఆ రాత్రి పదిన్నరకు మొదలుపెడితే 7700కె మంగళవారం ఉదయానికి గానీ పూర్తి చేయదు. “నా దగ్గరున్నది నీ పనికి వద్దమ్మా. నీ సంచిల ఉన్నదే మంచిగ పనిచేస్తది,” అని రసీదును నా వైపు తిప్పారు.

నాకు అక్కడే ఏడుపు వచ్చేసింది. అంతమంది తిరుగుతున్న చోట, నలభై ఏళ్ల మనిషిని, స్టూలు మీద కూర్చుని చెంగుతో ముఖం కప్పుకున్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. తన టిఫిన్ డబ్బా మూతలో సగం పెరుగన్నం, మామిడికాయ ముక్క పెట్టి నా ముందుకు జరిపారు.

తమ్ముడి కోసం మాత్రం నేను ఇంకా తటపటాయించాను. గేమింగ్‌కు 7700కె మెరుగన్న మాట అబద్ధం కాదని ఆయనే చెప్పారు. నాలుగు కోర్ల 7700కె ఒంటి కోరు పరుగులో 4.5 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది, 1700 అయితే 3.7 దగ్గరే ఆగుతుంది. ఒక్క కోరు మీద భారం పడే కౌంటర్‌స్ట్రైక్ వంటి ఆటలలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఫోనులో తమ్ముడిని ఒకే ప్రశ్న అడిగారు: “మీ మానిటర్ ఎన్ని హెర్ట్జ్ బాబూ?” 60 అన్నాడు. సెకనుకు అరవై బొమ్మలే చూపగల తెర మీద నూట యాభైకి, రెండు వందలకు ఉన్న తేడా కంటికి పెద్దగా తెలియదని, బరువైన ఆటలలో జీటీఎక్స్ 1060 ప్రాసెసర్ కంటే ముందే అలసిపోతుందని, కాబట్టి ఈ ఇంట్లో 7700కె గొప్పతనం కనబడే సందర్భాలు తక్కువని తేల్చారు. తమ్ముడు పావుగంట అలిగాడు.

ఆయన తన వస్తువును తక్కువ చేసి మాట్లాడలేదన్నది కూడా చెప్పాలి. 7700కె లోపలే హెచ్‌డీ గ్రాఫిక్స్ 630 అనే తెరకు బొమ్మ పంపే భాగం ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పాడైన రోజున కూడా తెర వెలుగుతుంది, 1700కు ఆ వసతి లేదు. కేవలం వీడియోలు ఎడిట్ చేసేవారికి ఇంటెల్‌లోని, వీడియోలను వేగంగా మార్చే క్విక్ సింక్ నిజంగా పనికొస్తుంది. పెళ్లి వీడియోల వాళ్లు అడిగితే తాను 7700కె నే ఇస్తానన్నారు. అయితే 91 వాట్ల ఆ ప్రాసెసర్‌కు లోపల మూతకూ చిప్‌కూ మధ్య పేస్ట్ మాత్రమే పూసి ఉంటుంది, పెట్టెలో దానిని చల్లబరిచే ఫ్యాన్, అంటే కూలర్ కూడా రాలేదు. మే నెలలో ఏసీ లేని గదిలో మూడు రోజులు ఏకధాటిగా రెండర్ పెడితే మంచి కూలర్ విడిగా కొనక తప్పదు. 65 వాట్ల 1700కు మూతను లోహంతో అతికించి, కూలర్ కూడా ఇచ్చారు. పైగా నా బీ350 బోర్డు మీద ముందు ముందు రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. జెడ్270 మీద 7700కె దాటి ఎక్కడానికి మెట్టు లేదు, ఇంటెల్ ఎనిమిదో తరం వచ్చేసరికి సాకెట్ చూడడానికి అదే అయినా బోర్డు మార్చవలసిందే. 2017 జనవరిలో ఒకటి, మార్చిలో మరొకటి, దాదాపు ఒకే ధరకు వచ్చిన రెండు ప్రాసెసర్లు ఎవరి చేతిలో పడితే ఎలా మారిపోతాయో, నేను చదివిన ఏ సమీక్షా ఇంత బాగా చెప్పలేదు.

నా రెండో కోపం ఇక్కడే ఉంది. ఈ రెండు ప్రాసెసర్లలో ఏదీ విండోస్ 11 నడిపే ప్రాసెసర్ల అధికారిక జాబితాలో లేదు, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మూడు రోజులు మండుటెండలో గంట కూడా ఆగకుండా పని చేసిన ఎనిమిది కోర్ల యంత్రం కాగితం మీద కాలం చెల్లిన వస్తువు. ఆన్‌లైన్ అంగళ్లేమో వాటినే కుప్పలుగా కొని, అడుగున స్పాంజి ముక్క కూడా పెట్టకుండా పంపి, వంగితే నీదే తప్పంటాయి. బాగుచేసేవాడికి ఈ రెండింటి మధ్య మిగిలింది మెట్ల పక్కన ఒక బల్ల. నేనిప్పుడు బ్లెండర్ పనికి లినక్స్ వేసుకున్నాను. తమ్ముడి ఆటల సంగతి తర్వాత ఆలోచించాలి.

డబ్బు ఎంత ఇవ్వమంటారని అడిగితే థర్మల్ పేస్ట్‌కు 150 రూపాయలు తీసుకున్నారు. మిగతాది ఎంత బతిమాలినా ముట్టలేదు. “పని అయినంక ఫోన్ చెయ్యమ్మా, అది ఆగకుంటె చాలు,” అన్నారు. ఈ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు 360వ ఫ్రేమ్ పడగానే మొదటి ఫోన్ ఆయనకే చేశాను. ఎంత వేడి ఎక్కిందని అడిగారు. చెప్పాను. బాగుందన్నారు. అంతే.

పెద్దాయనా, మీరు ఫేస్‌బుక్ చూడరని తెలుసు. మీ మనవరాలు చదివి వినిపిస్తుందన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు మీ బల్ల మీది 7700కె ని మీరు చెప్పిన ధరకు మారుమాట లేకుండా కొనేదాన్ని. అది మీకు కూడా తెలుసు.

అయ్యో, ఇంకా ఉన్నారు. శనివారం రాత్రి కరెంటు పోయినప్పుడు తన ఇన్వర్టర్ నుంచి వైరు లాగనిచ్చిన కింది వాటా ఆంటీ గారికి, బోర్డును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానని గుంతల దగ్గర ఆటోను నెమ్మదిగా పోనిచ్చిన డ్రైవర్ అన్నకు, తన బేరం మానుకుని పెన్‌డ్రైవ్‌లో బయాస్ ఫైలు దించి ఇచ్చిన పక్క దుకాణం తమ్ముడికి, సీటీసీ మూసే వేళ అయినా పది నిమిషాలు షట్టర్ ఆపిన వాచ్‌మన్ గారికి కూడా నా కృతజ్ఞతలు. ఆ పెన్సిల్ ఎవరిదో నాకు తెలియదు, పొరపాటున నా సంచిలో వచ్చేసింది. గురువారం వచ్చినప్పుడు కొత్త సీసపు డబ్బాతో పాటు ఆ బల్ల మీద పెడతాను, ఎవరిదైతే వారు తీసుకోగలరు.