టికెట్ మూసేశారు, కెమెరా అలాగే ఉంది

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మా ల్యాబ్‌లో ఉన్న మీ మైక్రోస్కోప్ కెమెరా, దాని మీద మీవాళ్లు నడిపిన కథ

అయ్యా,

మీ కంపెనీ నుంచి నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. నా సమస్య విజయవంతంగా పరిష్కారమైందట, మీ సేవకు అయిదులో ఎన్ని స్టార్లు ఇస్తానో చెప్పాలట. పరిష్కారమైంది ఎవరి సమస్యో కాస్త కనుక్కుని చెప్పండి. మాది మాత్రం బల్ల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది.

సంగతి చాలా చిన్నది. మాది డీజిల్ పరీక్షించే ల్యాబ్. డీజిల్‌కి జారుడు గుణం ఎంతుందో చూసే హెచ్ఎఫ్ఆర్ఆర్ మెషిన్‌లో 75 నిమిషాలు డిస్క్ మీద రుద్దుకున్న స్టీల్ బాల్‌కి ఒక మచ్చ పడుతుంది. దాన్నే వేర్ స్కార్ అంటాం. మీ కెమెరాతో ఫొటో తీసి, మీ సాఫ్ట్‌వేర్‌లో అడ్డం, నిలువు కొలిచి సగటు రాస్తాం. మీరు పెట్టమన్న అప్‌డేట్ పెట్టిన దగ్గర్నుంచి ఆ సాఫ్ట్‌వేర్ క్యాలిబ్రేషన్‌ని, అంటే అసలు స్కేలుతో సరిపెట్టిన కొలత లెక్కని, దాచుకోవడం మానేసింది. సాయంత్రం స్టేజ్ మైక్రోమీటర్ (సన్నటి గీతల గాజు స్కేలు) పెట్టి సరిచేసి వెళ్తే, పొద్దున కంప్యూటర్ ఆన్ చేసేసరికి మళ్లీ దాని పాత లెక్కే. యంత్రమన్నాక పాడవుతుంది, అందుకు నాకు కోపం లేదు. కోపం తెప్పించింది ఆ తర్వాత జరిగింది.

మీ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఏ బటన్ నొక్కాలో చక్కగా చెబుతుంది. నొక్కితే పాట వస్తుంది. పాట అయ్యాక వచ్చే మనిషికి తెలుగు రాదు. సరే, నాకొచ్చిన హిందీలోనే మొదలుపెట్టాను. "బ్లడ్ శాంపిలా సార్?" అని అడిగాడు. కాదు బాబూ, డీజిల్ అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎంతో మర్యాదగా, "సార్, మైక్రోస్కోప్ మీద డీజిల్ పోస్తే వారంటీ వర్తించదు" అన్నాడు.

ఇంకోసారి ఒక అమ్మాయి ఎత్తింది. స్క్రీన్ మీద బొమ్మ కనిపిస్తోందా అంది. కనిపిస్తోందన్నాను. "అయితే కెమెరా పనిచేస్తోంది కదా సార్." బొమ్మ చూసి ఆనందించడానికి కొనలేదమ్మా, కొలవడానికి కొన్నాం అని మొదటినుంచీ చెప్పుకొచ్చాను. మన దేశంలో బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్‌కి వేర్ స్కార్ 460 మైక్రాన్లు దాటకూడదు. 452 వస్తే పాస్, 468 వస్తే ఫెయిల్. ఆ తేడా మీ అమ్మాయికి కంటికి ఆనదు, నాకూ ఆనదు, అందుకే కెమెరా. ఆమె అంతా ఓపిగ్గా విని, కంప్యూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమంది. సమస్య వచ్చేదే ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు!

ఆ తర్వాత నన్ను బంతాట ఆడారు. ఇది సాఫ్ట్‌వేర్ కాదు, మీ విండోస్‌లో లోపం అన్నారు. కంప్యూటర్ అతను వచ్చి చూసి విండోస్ శుభ్రంగా ఉందన్నాడు. హైదరాబాద్‌లో మీ డీలర్‌ని అడిగితే హెడ్ ఆఫీసుకు రాయమన్నాడు. హెడ్ ఆఫీసు డీలర్‌ని అడగమంది. మధ్యలో ఎవరో ఒకరు సీరియల్ నంబరు ఫొటో పంపమంటారు. పంపుతాను. మరునాడు ఇంకొకరు అదే ఫొటో మళ్లీ అడుగుతారు. ఆ నంబరు మా ల్యాబ్ అటెండర్‌కి కూడా నోటికొచ్చేసింది.

చివరికి ఇంజినీరు వస్తున్నాడన్నారు. పది నుంచి ఆరు మధ్య ఎప్పుడైనా రావచ్చట. ఆ రోజు మేమెవరం భోజనానికి కూడా కదల్లేదు. ఆయన రాలేదు. వేరే రోజు, చెప్పకుండా వచ్చాడు. హోల్డర్‌లో ఉన్న బాల్‌ని చూసి, దాన్ని ఊడదీసి ఇస్తే ఆఫీసుకు తీసుకెళ్లి చూస్తానన్నాడు. ఊడదీస్తే రాపిడి ఏ దిక్కున జరిగిందో తెలియదు, ఇక అడ్డం ఏది, నిలువు ఏది? వద్దన్నాను. ఆయన తన ఫోనుతో మా స్క్రీన్‌ని ఒక ఫొటో తీసుకుని, "పిక్చర్ సూపర్‌గా ఉంది సార్" అని కితాబిచ్చి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. ఆ స్టార్ల మెసేజ్ దాని ఫలమే.

మేం మీకు కొత్తవాళ్లం కాదు. 2020 ఏప్రిల్‌లో దేశమంతా బీఎస్-6 వచ్చి, డీజిల్‌లో గంధకాన్ని 50 పీపీఎం నుంచి 10కి దించారు. గంధకం తీసే ప్రక్రియలోనే డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది, దాన్ని తిరిగి తెచ్చే మందు కలపాలి. డీజిల్‌తోనే తడిసి తిరిగే హై ప్రెజర్ పంపు అరిగిపోకూడదు కదా. ఆ మందు సరిపడా కలిపారో లేదో తేల్చే పరీక్ష ఇదే. ఈ పరీక్ష కోసం వేరే కంపెనీ తక్కువ ధర చెప్పినా మీ దగ్గరే కొన్నాను. తెలిసిన ల్యాబుల వాళ్లు అడిగితే కళ్లు మూసుకుని మీ పేరే చెప్పాను. అప్పట్లో మీ సేల్స్ మనిషి అర్ధరాత్రి మెసేజ్ పెట్టినా బదులిచ్చేవాడు. ఇప్పుడాయన ఫోన్ ఎత్తడు. ఏరు దాటాక తెప్ప తగలేశారు.

ప్రస్తుతానికి మా కుర్రాళ్లు ప్రతి శాంపిల్‌కి ముందు క్యాలిబ్రేషన్ చేసుకుంటూ నెట్టుకొస్తున్నారు. రేపు ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ ఆడిటర్ వచ్చి ఇదేమిటని అడిగితే మీ మెసేజ్ చూపించమంటారా? పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ తిరిగి ఇస్తారో, కెమెరానే మారుస్తారో, అది మీరే తేల్చుకోండి. స్టేజ్ మైక్రోమీటర్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కడైనా మీ దగ్గరుంటే పంపండి. ఉంటే.

వ్యాపారానికి కొన్న వస్తువు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరని మీ డీలర్ ముందే నవ్వుతూ చెప్పాడు. చట్టం బాగానే చదివాడు, ఆ శ్రద్ధ మీ మాన్యువల్ మీద పెట్టాల్సింది. లాయరు నోటీసుకి ఆ అడ్డు లేదు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) చెక్కు మా అకౌంట్స్‌లో సంతకానికి ఉంది, దాన్ని ఆపించాను. నేను మీ పేరు సిఫారసు చేసిన ల్యాబులన్నిటికీ ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌చార్జి

జతపరిచినవి: సీరియల్ నంబరు ఫొటో (మరోసారి), మూసేసిన టికెట్ల ప్రింటవుట్లు, ఒకే స్కేలుకు సాయంత్రం, పొద్దున వచ్చిన రెండు రీడింగులు.