బాత్రూం బూజుకు యాసిడ్, బ్లీచింగ్ కలిపే అలవాటు మానిపించాలి

సంపాదకుడు గారికి,

గాలిలో తేమ పెరిగే రోజులొస్తే చాలు, బాత్రూం గోడలకూ టైల్స్ సందులకూ నల్లబూజు పడుతుంది. దాన్ని వదిలించడానికి హాస్టళ్లలో, ఆఫీసుల్లో, ఇళ్లలో కూడా ఒక ప్రమాదకరమైన పద్ధతి నడుస్తోంది. ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు, మరక కదలకపోతే దాని మీదే యాసిడ్ పోస్తారు. ఈ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. అది గాలికన్నా బరువైనది కాబట్టి కిందనే పేరుకుంటుంది. అంటే గొంతుక్కూర్చుని నేల రుద్దే మనిషి ముఖానికే ఎక్కువ తగులుతుంది. కళ్ల మంట, దగ్గు అప్పటికప్పుడే మొదలవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం కొన్ని గంటలయ్యాక బయటపడొచ్చు. అందుకే 'కాసేపు దగ్గి తగ్గిపోయింది' అని వదిలెయ్యకూడదు. యాసిడ్ బదులు వెనిగర్ కలిపినా క్లోరిన్ వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిపితే క్లోరమీన్లు అనే మరో ఘాటు వాయువు వస్తుంది.

ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని సాధించేది కూడా పెద్దగా ఏమీ లేదు. బ్లీచ్ మరకను తెల్లగా చేస్తుంది, బూజు పోయిందనిపిస్తుంది. కానీ టైల్స్ మధ్య సిమెంటు, పెచ్చులూడిన గోడ లాంటి నీరు పీల్చే చోట్ల మందు పైపైనే ఆగిపోతుంది, అందులోని నీరు మాత్రం లోపలికి దిగుతుంది. కొద్ది రోజులకే అదే చోట మళ్లీ నల్లమచ్చ. పైగా చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది. దాన్ని చంపి వదిలేస్తే చాలదు, రుద్ది కడిగెయ్యాలి. ఆ పనికి కావలసింది సబ్బునీళ్లూ గట్టి బ్రష్షూ.

ముందు అది బూజేనా అని చూడాలి. గోడ మీద తెల్లటి పొడిలా ఉంటే రెండు చుక్కల నీళ్లు వెయ్యండి. కరిగిపోతే అది గోడలోంచి ఊరిన ఉప్పు, ఎంత రుద్దినా లాభం లేదు, చెమ్మ ఎక్కడిదో వెతకాలి. కుళాయి చుట్టూ గులాబీ రంగులో పట్టే జిగురు చాలావరకు బ్యాక్టీరియా. సబ్బుతో పోతుంది.

బూజే అయితే రబ్బరు గ్లౌజులు, కళ్లను కప్పే రక్షణ అద్దాలు, ఎన్-95 మాస్క్ పెట్టుకుని, తలుపూ కిటికీ తెరిచి మొదలుపెట్టాలి. పొడిగా ఉన్న బూజును రుద్దితే దాని బీజకణాలు గాలిలోకి లేస్తాయి, కాబట్టి తడిపాకే బ్రష్ పెట్టాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు గిన్నెల సబ్బుద్రవం కలిపి, తడిపి, రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. నున్నటి టైల్స్‌కు చాలాసార్లు ఇంతే సరిపోతుంది. సందుల్లో మిగిలిన దానికి మూడు చెంచాల వంటసోడాలో చెంచాడు నీళ్లు కలిపి ముద్దలా పట్టించి, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి.

అప్పటికీ మచ్చ మిగిలితే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. 3 శాతం ద్రావణాన్ని అలాగే చల్లాలి. 6 శాతానిది అయితే అంతే కొలత నీళ్లు కలపాలి. కనీసం పది నిమిషాలు ఆ చోటు తడిగా ఉండాలి. మధ్యలో ఆరిపోతే మళ్లీ చల్లాలి. చల్లిన వెంటనే తుడిచేసి 'ఇది పనిచెయ్యదు' అనేవాళ్లే ఎక్కువ. ఘాటైన వాసన ఉండదు, చివరికి నీరూ ఆక్సిజనూగా విడిపోతుంది. వెలుతురుకు పాడవుతుంది కాబట్టి ముదురురంగు సీసాలోనే ఉంచాలి, కలిపినది నిల్వ పెట్టకూడదు. రంగుబట్టల మీద పడితే వెలిసిపోతాయి. పరిశ్రమల్లో వాడే 30 శాతం ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, దాని జోలికి పోవద్దు.

వెనిగర్‌కు పేరు ఎక్కువ. నీళ్లు కలపకుండా చల్లి గంటసేపు ఉంచితే టైల్స్ మీద, గాజు మీద కొంత పనిచేస్తుంది. పాలరాయిని, టైల్స్ మధ్య సిమెంటును మాత్రం తినేస్తుంది. వెనిగర్‌లో సోడా కలిపి పొంగించడం కంటికి ఇంపు తప్ప ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. పెరాక్సైడ్‌నూ వెనిగర్‌నూ ఒకే సీసాలో కలిపితే ఊపిరితిత్తులను, కళ్లను మండించే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది. ఇంటి మందే కదా అని అన్నీ కలిపెయ్యకూడదు.

సింకు అంచున నీరు దిగకుండా పట్టించిన రబ్బరులాంటి సిలికాన్ లోపలికి నల్లగా దిగితే ఏ మందూ పనిచెయ్యదు. దాన్ని కోసి తీసేసి, ఆ చోటు పూర్తిగా ఆరాక కొత్తది పట్టించి, రోజంతా నీళ్లు తగలనివ్వకూడదు. మరకల మీద పెయింట్ వెయ్యడం కూడా దండగే, కొద్దిరోజుల్లో పెచ్చు లేస్తుంది. బూజు చదరపు మీటరుకు మించి పరుచుకుంటే లోపల ఎక్కడో పైపు కారుతోందనుకుని ప్లంబర్‌ను పిలవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని చెయ్యకూడదు.

బూజుకు అసలు మూలం తేమ. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతే బూజు నిలదొక్కుకోదు. స్నానం అయ్యాక గోడలకూ నేలకూ వైపర్ లాగి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను మరో అరగంట తిరగనివ్వాలి. ఫ్యాన్ జాలికి టిష్యూ కాగితం ఆనిస్తే అతుక్కుని నిలవాలి. జారిపోతే జాలికి దుమ్ము పట్టిందో, తలుపు కింద గాలి లోపలికి వచ్చే సందు లేదో చూడాలి. కొన్ని భవనాల్లో ఫ్యాన్ గొట్టాన్ని బయటికి తియ్యకుండా ఫాల్స్ సీలింగ్ పైనే వదిలేస్తున్నారు. ఆ ఆవిరంతా పైన చేరి సీలింగ్ అంతా బూజు పడుతుంది.

హాస్టళ్లు, ఆఫీసుల యాజమాన్యాలు శుభ్రం చేసేవాళ్ల చేతికి యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఇవ్వడం ముందు ఆపాలి. తప్పనిసరైతే రెండింటినీ వేర్వేరు గదుల్లో దాచి, వేర్వేరు రోజుల్లో, మధ్యలో బాగా కడిగించి వాడించాలి. తయారీదారులు 'మరే మందుతోనూ కలపకండి' అనే మాటను సీసా వెనుక చీమంత అక్షరాల్లో కాకుండా, ముందువైపున, వాడేవాళ్ల భాషలో, చదవగలిగేంత పెద్దగా ముద్రించాలి. పొరపాటున వాయువు వస్తే ఆ బకెట్ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చెయ్యాలనీ, దగ్గు ఆగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలనీ అక్కడే రాయాలి.

— భవనాల నిర్వహణ పనిలో ఉన్న ఒక పాఠకుడు