మా బస్సు కిందకి దూరిన పెద్దాయనకు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ అనే ఎడారి లోయ మట్టిరోడ్డు మీద మా బస్సు చూసి పికప్ ఆపిన పెద్దాయనా, మీకు తెలుగు రాదు. ఆ హడావిడిలో మీ పేరూ అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పాత స్కూల్ బస్సు కొని రెండేళ్లు కష్టపడ్డాం. సీట్లు పీకాం, మంచాలూ పొయ్యీ బిగించాం, పసుపు రంగు మార్చాం. వెనక చక్రాల తర్వాత వేలాడే పొడుగాటి తోకను మాత్రం పట్టించుకోలేదు. వాగు దాటుతుంటే అది నేలకు రాసుకుని ఎయిర్ బ్రేకు పైపు తెగింది. బజర్ మోగింది, గాలి పడిపోయింది, దాంతో బ్రేకులు వాటంతటవే పట్టేసి వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. 17 మైళ్ల దారి, ఫోన్లో సిగ్నల్ లేదు. పిల్లలకు మా టెన్షన్ తెలియకూడదని ఊరికే నవ్వుతూ కూర్చున్నాం.

మీరు వచ్చీ రాగానే కిందకి దూరారు. తెగిన నైలాన్ పైపు కొసల్ని నిటారుగా కోసి, మీ డబ్బాలోని చిన్న ఇత్తడి జాయింటు బిగించి, సబ్బు నీళ్లు పూశారు. ఒక్క బుడగ రాలేదు. గాలి మీటరు ముల్లు మళ్లీ 120కి ఎక్కుతుంటే మా ఆవిడ ఏడ్చేసింది.

డబ్బులు వద్దన్నారు, పులిహోర డబ్బా మాత్రం తీసుకున్నారు. కారం ఎక్కువైతే క్షమించండి. చాలా చాలా థాంక్స్ అండీ.