లెక్క సరే, పాట విన్నావా అమ్మలూ?

విజయనగరం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెప్దును. మీ అమ్మ ఫోను లాక్కుని మెస్సులో కూరలెలా ఉన్నాయనే దగ్గర మొదలెట్టింది. ఇంక నాకు వంతు రాలేదు. అందుకే రాస్తున్నాను. "నాన్నా, నువ్వు నెత్తిన పెట్టుకునే ఆ టూల్ వాళ్ళ ఆల్బమ్, లాటరాలస్, మా హాస్టల్లో కూడా అందరికీ పిచ్చే, నాకు మాత్రం లెక్కల పరీక్ష రాసినట్టుంది" అన్నావు. పైగా మీవాళ్ళు పాటల వరస మార్చుకుని, ఫిబొనాచీ సంఖ్యల (ముందు రెండిటినీ కూడితే తర్వాతది వచ్చే వరస) ప్రకారం వింటున్నారనీ, అసలు అలా వింటేనే అర్థమవుతుందనీ చెప్పావు.

నీకు నచ్చకపోతే నాకు పేచీ లేదు. మీ అమ్మకి పాతికేళ్ళుగా నచ్చలేదు, కాపురం బాగానే ఉంది. కానీ లెక్క చూసి పాట వదిలేశావేమో అని నా బాధ.

అమెరికా రాక్ బృందం టూల్ వాళ్ళ ఆ ఆల్బమ్ 2001 మేలో వచ్చింది. అమెరికాలో మొదటి వారంలోనే 5 లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడై, బిల్‌బోర్డ్ పట్టీలో ఒకటో స్థానంలో కూర్చుంది. మన ఊళ్ళో సంగతి వేరు. గంటస్తంభం దగ్గర క్యాసెట్ల కొట్టతన్ని "టూల్ వాళ్ళది వచ్చిందా అన్నా" అని అడిగితే, "టూల్సు కావాలంటే హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళు బాబూ" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే చెప్పాడు. చివరికి ఓడ ఉద్యోగంలో ఉన్న మీ పెద్ద మావయ్య సింగపూర్‌లో కొని తెచ్చాడు. ఇప్పుడైతే ఫోన్లో నొక్కితే వస్తుంది. 2019 ఆగస్టు దాకా టూల్ వాళ్ళు తమ పాటల్ని ఆ స్ట్రీమింగుల జోలికే పోనివ్వలేదు. అందాకా సీడీ ఉన్నవాడే మారాజు.

ఆ సీడీలో పుస్తకం గుర్తుందా? చిన్నప్పుడు నీకు ఇవ్వకుండా బీరువాలో దాచేవాణ్ణి. అట్టలన్నీ పారదర్శకంగా ఉంటాయి. ఒక్కో అట్ట తిప్పుతుంటే మనిషి బొమ్మలో ఒక్కో పొర ఊడుతుంది. ముందు చర్మం పోతుంది, తర్వాత కండలు కనిపిస్తాయి, నరాలు కనిపిస్తాయి. అలెక్స్ గ్రే అనే చిత్రకారుడు వేశాడు. అది బల్ల మీద ఉంటే మీ మామ్మ చూసి, "ఎవరిదిరా ఈ డాక్టరు పుస్తకం? బేగి ఇచ్చీయ్, ఆ గుంటకి పరీక్షలుంటాయి పాపం" అంది. నేనెంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు నొప్పులంటే, "ఆ పుస్తకంలో చూడరా" అనేది.

ఇంక లెక్క సంగతికి వస్తాను, దాన్నుంచి పారిపోయానని నువ్వు అనకుండా.

స్కిజం పాట మొదట్లో జస్టిన్ ఛాన్సలర్ బేస్ గిటారు మీద వాయించేది విన్నావు కదా. దాన్ని నోటితో చెప్పుకో: తకతకిట, తకిటతకధిమి. ఖండం ఐదు, మిశ్రం ఏడు. మొత్తం పన్నెండు. పన్నెండంటే మన చెవి నాలుగు మూళ్ళకో, మూడు నాలుగులకో అలవాటు పడి ఉంటుంది. వీళ్ళు దాన్ని సగానికి కాకుండా కాస్త పక్కన విరిచారు. ఒక ముక్క పొట్టి, ఒక ముక్క పొడుగు. పాట దేని గురించి? ఒకప్పుడు అతికినట్టుండే ఇద్దరి మధ్య మాట పోయి, ముక్కలు మళ్ళీ కూడకపోవడం గురించి. ఆ కూడకపోవడం మాటల కంటే ముందు లయలో వినిపిస్తుంది. ఇది లెక్క కాదమ్మా, కథ చెప్పడం. టూల్ వాళ్ళనడిగితే ఆ తాళం ఎనిమిదింట ఆరున్నర అని వేళాకోళమాడారు. 2002లో ఆ పాటకి గ్రామీ కూడా ఇచ్చారు.

అసలు లాటరాలస్ పాట, అదే తొమ్మిదోది, మీవాళ్ళు ఊగిపోయేది. పల్లవి దగ్గర 9, 8, 7 అని దెబ్బలు తగ్గుకుంటూ వస్తాయి. మృదంగం మాస్టారు మాకు గోపుచ్ఛ యతి అని నేర్పింది ఇదే. పెద్దగా మొదలై సన్నబడుతూ రావడం. మొత్తం ఎంతైంది? 24. అంటే ఎనిమిది దెబ్బల ఆదితాళం మూడు ఆవర్తాలు, మూడు చుట్లు. చేత్తో ఎనిమిది వేసుకుంటూ, నోటితో 9, 8, 7 చెప్పుకో. మధ్యలో చెయ్యి ఒక చోట, నోరు ఒక చోట ఉంటాయి. మూడో ఆవర్తం అయ్యేసరికి రెండూ ఒకేసారి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, దిగుతాయి. ముందు నెమ్మదిగా చెప్పుకో, పాట వేగానికి వేళ్ళు అందుకోలేవు. నేను సంగీత కళాశాలలో సాయంత్రాలు మృదంగం నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు ఇలాంటిదే వేయిస్తూ, సమం తప్పినవాడి వేళ్ళ మీద తాళం వేసేవారు. నాకు ఆ పాట మొదటిసారి విన్నప్పుడు వేళ్ళు జలదరించాయి, పాత అలవాటు.

ఆ పాటకి వాళ్ళు ముందు పెట్టుకున్న పేరే 9-8-7. తర్వాత చూసుకుంటే 987 ఫిబొనాచీ వరసలో పదహారో సంఖ్య. అక్కణ్ణుంచి టూల్ గాయకుడు మేనార్డ్ చరణాల్లో అక్షరాలు లెక్కేసి రాశాడు: 1, 1, 2, 3, 5, 8, మళ్ళీ దిగుతూ 5, 3. ఇంకో చరణంలో 13 దాకా వెళ్ళి దిగుతాడు. మధ్యలో లావై రెండు పక్కలా సన్నబడుతుంది కాబట్టి దీన్ని మనవాళ్ళయితే మృదంగ యతి అంటారు.

మీవాళ్ళకి ఒక సంగతి చెప్పి ఏడిపించు. పదో తరగతిలో కంద పద్యం గణాలు బట్టీ పట్టావు కదా, గగ, భ, జ, స, నల అని. ఐదే ఎందుకు? ఆరోది ఎందుకు లేదు? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. నాలుగు మాత్రలు పేర్చడానికి ఆ ఐదు దారులే ఉన్నాయి, ఆరోది కుదరదు. మూడు మాత్రలైతే మూడు దారులు, ఐదైతే ఎనిమిది. 3, 5, 8. తెలిసిందా? ఫిబొనాచీ తన పుస్తకం రాసింది 1202లో. అంతకు ముందే 1150 ప్రాంతంలో హేమచంద్రుడు, ఆయనకంటే కొన్ని వందల ఏళ్ళ ముందు విరహాంకుడు ఛందస్సు కోసం ఈ లెక్క కట్టారు. పద్యం రాసేవాడికి ఎన్ని దారులున్నాయో చూపించడానికి పుట్టిన లెక్క ఇది. తిరిగి తిరిగి ఒక రాక్ గాయకుడి దగ్గరికి వచ్చిందంటే నాకైతే ముచ్చటేసింది.

అయితే ఇంత చెప్పిన నేనే అంటున్నాను, ఆల్బమ్ గొప్పదనం ఇందులో లేదు.

మన ఊళ్ళో ఎవర్ని కదిపినా ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి ఒకటే చెప్తారు. రెండు చేతులా, రెండు కాళ్ళా, తలతోనూ ఐదు తాళాలు ఏకకాలంలో వేసేవారు, అందుకే పంచముఖీ పరమేశ్వరుడన్నారు అని. 1919లో మన సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. సరే, ఆ విద్య మామూలుది కాదు. కానీ చెప్పు, ఆయన గజ్జె కట్టి నిలబడితే జనం కదలకుండా కూర్చున్నది కాళ్ళ దెబ్బలు లెక్కపెట్టడానికా? హరికథ కోసం కూర్చున్నారు. రుక్మిణి కబురు అందిందా లేదా, యముడు సావిత్రి మాట విన్నాడా లేదా, అది కావాలి వాళ్ళకి. తర్వాత తరానికి కథ అందలేదు, లెక్క అందింది. లెక్క చెప్పడం తేలిక కాబట్టి. టూల్ అభిమానులకీ అదే జబ్బు పట్టుకుంది.

మీవాళ్ళ వరస నాకు తెలుసు, కొత్తది కాదు. 6, 7, 5, 8, 4, 9, 13, 1, 12, 2, 11, 3, 10. జతలు కూడితే 13 వస్తుంది, మధ్యలో పదమూడోది ఒంటరిగా ఉంటుంది. ఆ వరసకి పవిత్ర కానుక అని అర్థం వచ్చే పేరు కూడా పెట్టుకున్నారు. నేనూ అలా పేర్చుకుని విన్నాను. ఏం జరిగిందో చూడు. అసలు ఆల్బమ్‌లో 10, 11, 12 పక్కపక్కనే ఉంటాయి: డిస్పొజిషన్, రిఫ్లెక్షన్, ట్రయాడ్. ఆ మూడూ వేరు వేరు పాటలు కావు, ఒకదాని కొసలోంచి ఇంకోటి లేస్తుంది. మొత్తం పాతిక నిమిషాల దాకా ఒకటే నడక. లెక్కవాళ్ళ వరసలో ఏమైంది? పన్నెండోది ముందొచ్చి, పదోది అట్టడుగుకి పోయి, మధ్యలో వేరే పాటలు దూరాయి. నలుగురు కూర్చుని కట్టిన ఇంటిని, ఇటుకల నంబర్లు కలవలేదని విప్పేశారు. అది అభిమానమా, అమ్మలూ?

ఆ మూడూ నువ్వు విన్నావో లేదో నాకు అనుమానం. ఫోన్లో స్కిజం గురించి, లాటరాలస్ గురించి అన్నావుగానీ వీటి ఊసెత్తలేదు. డిస్పొజిషన్‌లో దాదాపు ఏమీ జరగదు. నాలుగు మాటలు, అవే మళ్ళీ మళ్ళీ. డ్రమ్ములవాడు డానీ కేరీ కింద చేత్తో తట్టినట్టు మెత్తగా వాయిస్తుంటాడు. ఆయన తబలా నేర్చుకున్న మనిషి, అది ఇక్కడ తెలిసిపోతుంది. కొట్టిన దెబ్బ కంటే కొట్టకుండా ఆగిన చోటు ఎక్కువ వినిపిస్తుంది. తర్వాత రిఫ్లెక్షన్. గొంతు రావడానికే చాలాసేపు పడుతుంది. అందాకా బేసూ డ్రమ్ములూ తిరుగుతూనే ఉంటాయి. మనకి విసుగు పుట్టే ముందు ఒక చిన్న మార్పు వస్తుంది, మళ్ళీ తిరుగుతాయి. మేనార్డ్ వచ్చేసరికి, అరుస్తాడనుకుంటాం, అరవడు. తన్ను తాను తవ్వుకుంటూ కిందికి పోయినవాడు చెప్పుకునే మాటలు. చంద్రుడి వెలుగు చంద్రుడి సొంతం కాదని తెలుసుకున్నాక వచ్చే ఊరట. పాట చివరికొచ్చేసరికి అందరూ కలిసి లేస్తారు, అక్కడ ఆడమ్ జోన్స్ గిటారు వినాలి. ఆ లేవడం పది నిమిషాల ఓపిక పెట్టినవాడికే దక్కుతుంది. ముక్క కోసుకుని వింటే దక్కదు. ట్రయాడ్‌లో ఇంక మాటే లేదు, వాయిద్యాలే.

పారబోల్ నుంచి పారబోలాకి మారే చోటు కూడా అలాంటిదే. ముందు పాట అంతా గుసగుస, చివర ఒకే స్వరం సాగుతూ ఉంటుంది, ఒక్కసారిగా గిటార్లు విరుచుకుపడతాయి. పేరు రెండు, పాట ఒకటి. ఫోన్లో షఫుల్ పెట్టి విన్నవాడికి అది ఎప్పటికీ తెలీదు.

అన్నీ బంగారమే అనను. చివరిది, ఫైప్ డి ఓయాడ్, నాకు అక్కర్లేదు. 1997లో అమెరికా రేడియోలో ఎవడో ఏరియా 51 అనే అమెరికా సైన్యం రహస్య స్థావరంలో పనిచేశానంటూ భయపడుతూ మాట్లాడిన ఫోన్ కాల్‌ని చప్పుళ్ళ మధ్య పెట్టారు. ట్రయాడ్ తర్వాత అది వస్తే నాకు చిరాకు. ఆపేసి లేచిపోతాను. మంత్ర అనేది మేనార్డ్ తన పిల్లిని మెల్లిగా నొక్కితే వచ్చిన కూతని నెమ్మది చేసి పెట్టింది. మీ అమ్మకి ఆ ఆల్బమ్‌లో నచ్చిన ఒక్కటీ అదే. టిక్స్ అండ్ లీచెస్‌లో డ్రమ్ములు అద్భుతం, అరుపు మాత్రం నా వయసుకి కాస్త ఎక్కువైంది. అదే ది గ్రడ్జ్ చివర్లో దాదాపు 25 సెకన్లు ఊపిరి తిప్పకుండా అరుస్తాడు చూడు, అది మాత్రం ఇప్పటికీ కావాలి. పట్టుకున్న పగని వదిలేసే పాట అది, అంతసేపు అరిస్తే తప్ప వదలదేమో.

మాటలు సగం నాకు అర్థం కాలేదని నీకు తెలుసు. ఇంగ్లీషు నీకు నాకంటే బాగా వచ్చు, నువ్వే చెప్పాలి. ది పేషెంట్ పాట మాత్రం బాగానే అర్థమైంది. మామ్మ ఆసుపత్రిలో ఉన్న నెల్లో రాత్రుళ్ళు వరండాలో కూర్చుని అదే విన్నాను. ఓపిక పట్టి ఉండిపోతాను అనే పాట. అంతకంటే అప్పుడు ఏం కావాలి?

సీడీ ఈ ఉత్తరంతో పాటే పార్శిల్లో వస్తుంది. హాస్టల్లో సీడీ ప్లేయర్ ఉండదని తెలుసు, పుస్తకం కోసమే పంపుతున్నాను. దాన్ని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకు, అట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. చివరి అట్టలో మెదడు మడతల మధ్య మూడక్షరాల ఇంగ్లీషు మాట దాచారు, వెతుక్కో. వినడం మాత్రం ఫోన్లోనే విను, కానీ షఫుల్ తీసేసి, మొదటి నుంచి, ఒక్క ఊపున. గంటా ఇరవై నిమిషాలు. ఆ బటన్ల ఇయర్‌ఫోన్లు వద్దు, బేసు వినపడదు, మీ రూమ్మేటు పెద్ద హెడ్‌ఫోన్లు అడుగు. అలా విన్నాక కూడా లెక్కల పరీక్షే అంటే, ఇంక ఆ ఊసు ఎత్తను.

సిరిమాను జాతరకి వస్తావా రావా తేల్చి చెప్పు. దసరా వెళ్ళిన మంగళవారం అంటే రైళ్ళలో చోటు దొరకదు, ఇప్పుడే టికెట్ చేయించుకో. వస్తే మన స్పీకర్ వైరు ఎలక పుణ్యమా అని తెగింది, అక్కడ మంచిది దొరికితే ఐదు మీటర్లు పట్టుకురా. డబ్బులు అమ్మనడక్కు, నేను పంపుతాను.

నాన్న