వార్షిక నివేదిక 2024–25: ఎవరికి అందింది, ఎవరు మిగిలిపోయారు

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు అనంతపురం జిల్లాలో మన సంఘం చేపట్టిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. కిందటి సమావేశంలో సభ్యులు ఒక ప్రశ్న వేశారు. కార్యక్రమాలకు ఎంతమంది వచ్చారో ఏటా చెబుతున్నారు సరే, రావలసి ఉండీ రానివారు ఎవరో తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదని భావించి ఈ ఏడాది శ్రమలో ఎక్కువ భాగాన్ని దానికే వెచ్చించాము. నివేదికలో కూడా దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాము.

ఏటా జరిగే పనులు ఈసారీ సక్రమంగా జరిగాయి. వేసవిలో చలివేంద్రాలు నడిపాము. ఖరీఫ్‌కు ముందు కంది, కొర్ర విత్తనాలు పంచాము. కంటి పరీక్షల శిబిరాలు, పదో తరగతి పిల్లలకు సాయంత్రపు తరగతులు నిర్వహించాము. చోటు ఇచ్చిన పాఠశాలలకు, భోజనాల ఏర్పాటు చూసిన పొదుపు సంఘాల మహిళలకు, ట్రాక్టర్లు ఇచ్చిన రైతు సోదరులకు సంఘం కృతజ్ఞతలు తెలుపుతోంది.

హాజరు పట్టీతో ఎందుకు సరిపెట్టుకోలేదు

హాజరు పట్టీలో సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి గానీ, కబురే అందనివారి ఊసు ఉండదు. వందమంది వచ్చిన శిక్షణ బాగా జరిగినట్టే అనిపిస్తుంది. కానీ ఆ వందమందీ రెండు మూడు వీధుల వారే అయి, వారంతా పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవారే అయితే, ఊళ్లో నిజంగా సేద్యం చేస్తున్న కౌలు రైతులూ ఒంటరి మహిళలూ బయటే ఉండిపోయారన్నమాట. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు రావాలన్నా యజమానితో పదకొండు నెలల ఒప్పందం కావాలి; యజమాని సంతకానికి వెనకాడిన చోట ఆ కౌలుదారు ఏ పట్టీలోనూ రైతుగా కనబడడు. అందుకే ఈ ఏడాది విత్తనాల పంపిణీలో పాసు పుస్తకం జిరాక్సు అడగలేదు. చేను చూపించి, పక్క చేను రైతు అవునంటే చాలన్నాము. దాంతో అంతవరకు ఎన్నడూ మన దగ్గరికి రాని మహిళా కౌలుదారులు వచ్చి విత్తనాలు తీసుకున్నారు.

ఇలాంటి పరిశీలన మన జిల్లాకు కొత్తేమీ కాదు. 2000లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు తొలి ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. నిరుపేదలు ఎవరో ఊరివారే కూర్చుని తేల్చే పద్ధతి అప్పటి నుంచే మనకు అలవాటు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) దళితవాడల్లోను, వికలాంగులతోను చేసిన పని మనకు తెలిసిందే. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. 2005 నాటి ఆ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించగా, మన రాష్ట్రం ఆ పని కోసం 2009లో ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. మస్టరులోని, అంటే కూలీల హాజరు పట్టీలోని, పేర్లు నలుగురి ముందూ చదివి, ఈ మనిషి పనికి వచ్చాడా, కూలి డబ్బు చేతికందిందా అని అడగడం మన ఊళ్లు చూసిన విషయమే. ఆ తనిఖీ మస్టరులో ఉన్న పేర్ల గురించి అడుగుతుంది. మేము అందులో లేని పేర్ల గురించి కూడా అడగాలనుకున్నాము.

ఊరి పటంతో మొదలుపెట్టాము

ఎవరు మిగిలిపోయారో తెలియాలంటే మొత్తం ఎవరెవరు ఉన్నారో ముందు తెలియాలి. ఇందుకోసం పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయించాము. ఇంటికొక చింతగింజ పెట్టించాము. పెద్దలు గీసినప్పుడు గుడి, బడి, చెరువు కట్ట, ఊరి నడిమి వీధులు ముందు వచ్చాయి. అదే పటాన్ని మహిళలతో విడిగా గీయిస్తే కొళాయిలు, రేషన్ దుకాణం, చీకటిపడితే నడవలేని దారి కనబడ్డాయి. వంక అవతలి గుడిసెలు, ఇటుక బట్టీల దగ్గర కాపురముంటున్న కుటుంబాలు, ఊరికి దూరంగా ఉన్న సుగాలి తండా రెండింటిలోనూ చివరికి, అదీ మేము అడిగాకే వచ్చాయి. తాళం వేసిన ఇళ్లకు కూడా గింజ పెట్టాలని పట్టుబట్టాము. బెంగళూరుకు కూలి పనులకు వెళ్లిన కుటుంబం ఊరి కుటుంబమే. పథకాలు గానీ శిబిరాలు గానీ వారు లేని నెలల్లో వచ్చి పోతే, ఆ సంగతి లెక్కలో కనబడాలి.

ఇంటింటి వివరాల సేకరణలో వైకల్యం గురించి అడగడం అన్నిటికంటే కష్టమైన భాగం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక మాత్రం ప్రపంచ జనాభాలో 16 శాతం మంది, సుమారు 130 కోట్ల మంది, గణనీయమైన వైకల్యంతో జీవిస్తున్నారని అంచనా వేసింది. ఈ రెండు సంఖ్యల మధ్య ఇంత అంతరం ఉండడానికి నిర్వచనాలతో పాటు అడిగే తీరు కూడా ఒక పెద్ద కారణం. మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా అని అడిగితే చాలామంది లేరనే అంటారు. కొందరు నామోషీ వల్ల, కొందరు వయసు మీద పడితే అది మామూలేననుకోవడం వల్ల, ఇంకొందరు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేనివారిని ఆ లెక్కలో చేర్చకూడదనుకోవడం వల్ల అలా చెబుతారు.

ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో వైకల్య గణాంకాల కోసం 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూపు రూపొందించిన ఆరు ప్రశ్నలను అందుకే తీసుకున్నాము. కళ్లద్దాలు పెట్టుకున్నా చూడడంలో ఇబ్బంది ఉందా, వినికిడి యంత్రం పెట్టుకున్నా వినడంలో ఇబ్బంది ఉందా, నడవడంలో లేదా మెట్లెక్కడంలో, గుర్తుంచుకోవడంలో లేదా ధ్యాస నిలపడంలో, స్నానం చేసి బట్టలు కట్టుకోవడంలో, తన మాట చెప్పడంలో ఎదుటివారి మాట గ్రహించడంలో ఇబ్బంది ఉందా అని అవి అడుగుతాయి. ఒక్కొక్క దానికి నాలుగు జవాబులే: ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను. ఆరింటిలో ఏ ఒక్క దానికైనా చాలా ఉంది అనో, అసలు చేయలేను అనో వస్తే ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి. ఇంటి పెద్దనో కోడలినో కాకుండా, వీలైనంత వరకు ఆ మనిషినే అడగాలని కార్యకర్తలకు గట్టిగా చెప్పాము.

ఒక ఇంట్లో కోడలు, "మా ఇంట్లో అట్లాంటోళ్లు ఎవరూ లేరు" అని తేల్చి చెప్పింది. అరుగు మీద కూర్చున్న అత్తగారిని మన కార్యకర్త, "అవ్వా, నీళ్లు నువ్వే తెచ్చుకుంటావా?" అని పలకరించింది. "యాడ తల్లీ, ఆ గట్టు ఎక్కలేను. బిందె కిందనే పెట్టి ఎవురన్నా వస్తారేమోనని చూస్తాంటా" అంది అవ్వ. వెళ్లి చూస్తే కొళాయి చుట్టూ కట్టిన సిమెంటు గట్టు మోకాలెత్తున ఉంది. పట్టుకోవడానికి కమ్మీ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటేనే అనేక సదుపాయాలు దక్కుతాయి. అవ్వ దగ్గర ఏ పత్రమూ లేదు గనుక ఏ జాబితాలోనూ లేదు. పింఛను అర్హత తేల్చడం వైద్యుల పని. నీటి దగ్గరికి ఎవరు చేరలేకపోతున్నారో తేల్చడానికి శాతం అక్కర్లేదు, అడిగితే చాలు. గ్రామ పంచాయతీతో మాట్లాడి ఆ గట్టుకు ఒక పక్క వాలు దారి పోయించాము. తరువాత అదే పద్ధతిలో మిగతా కొళాయిలనూ చూసి వచ్చాము.

ఈ ఆరు ప్రశ్నలతో అన్నీ తెలియవు. తీవ్రమైన దిగులు, ఆందోళనలతో బాధపడేవారు వీటిలో సరిగా పట్టుబడరు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవి పనికిరావు. పిల్లల కోసం యునిసెఫ్‌తో కలిసి అదే గ్రూపు 2016లో వేరే ప్రశ్నావళి విడుదల చేసింది. దానిని వచ్చే ఏడాది అంగన్‌వాడీ కార్యకర్తల సాయంతో వాడాలనుకుంటున్నాము.

రావడం వేరు, మాట చెల్లడం వేరు

సమావేశానికి వచ్చినంత మాత్రాన ఆ మనిషిని కలుపుకున్నట్టు కాదు. షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1969లోనే ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపి, కింది మెట్ల మీద జనం ఉన్నా అధికారం వారి చేతికి రాదని చెప్పారు. మేము అంత దూరం వెళ్లకుండా, మా పనికి సరిపడా కొన్ని విషయాలనే గమనించాము. కబురు ఎవరికి అందింది, ఎవరు వచ్చారు, ఎవరు నోరు విప్పారు, ఎవరి మాట తీర్మానంలోకి ఎక్కింది, చివరికి ఫలితం ఎవరి చేతికి వచ్చింది అన్నవి విడివిడిగా రాసుకున్నాము. ప్రతి సమావేశంలోనూ ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు వెనక కూర్చుని, పేర్లు లేకుండా, మాట్లాడినవారు ఆడవారా మగవారా, ఏ వాడ వారు, ఎంతసేపు మాట్లాడారు అన్నది నోటుపుస్తకంలో గుర్తించారు.

ఈ పుస్తకాలు చదివితే చాలా సంగతులు బయటపడ్డాయి. రచ్చబండ దగ్గర జరిగిన సమావేశాలకు మహిళలు బాగానే వచ్చినా, వారి మాటల్లో ఎక్కువ భాగం పక్కవారితోనే సాగింది, సభకు చేరలేదు. గుడి ముందు జరిపినప్పుడు ఎస్సీ కాలనీవారు వచ్చి దూరంగా నిలబడ్డారు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మని చాప చూపించనూ లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసి ఇన్ని దశాబ్దాలు గడిచినా, మనిషి నిలబడే చోటులో అది ఇంకా కనబడుతోంది. దీన్ని కొలతలోంచి తప్పించకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది. అదే ఊళ్లో, వేరుశనగ కాయలు వలిచే పని ముగిశాక, సాయంత్రం కాలనీ పాఠశాల వరండాలో సమావేశం పెడితే మాట తీరే మారిపోయింది. తాగునీరు, శ్మశానానికి దారి అనే రెండు విషయాలూ ఆ రోజే తొలిసారి తీర్మానంలోకి వచ్చాయి. తండాలో తెలుగులో అడిగినప్పుడు తలూపినవారు, లంబాడీలో అడిగినప్పుడు అభ్యంతరాలు చెప్పారు. రాయదుర్గం వైపు గ్రామాల్లో కన్నడం విషయంలోనూ ఇదే అనుభవం.

విపత్తుల వేళ

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగిన రోజులు, 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలోని లోతట్టు కాలనీలు నీటిపాలైన రోజులు సభ్యులకు గుర్తే. సహాయక చర్యల్లో వేగం ముఖ్యం. అయితే వేగంగా పంచే చోట కాళ్లూ గొంతూ బలంగా ఉన్నవారికే ముందు అందుతుంది. మానవతా సాయానికి ప్రమాణాలుగా అందరూ అంగీకరించే స్ఫియర్ పుస్తకం, 2018 నాటి నాలుగో కూర్పులో, మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలని, నీటి చోటు ఇంటికి 500 మీటర్లు దాటకూడదని చెబుతుంది. శిబిరం మొత్తానికి సగటు 15 లీటర్లు వచ్చినా, అందులో ఒక బాలింతకు, ఒక గుడ్డి తాతకు బిందెడు కూడా దక్కకపోయి ఉండవచ్చు. సగటులో ఆ ఇద్దరూ కనబడరు. అందుకే వయసు, లింగం, వైకల్యం వారీగా లెక్కలు విడదీయాలని ఆ ప్రమాణాలు అంత గట్టిగా కోరతాయి.

నడిమివంక ఒడ్డు కాలనీల్లో ఈ ఏడాది ముందస్తు జాబితా తయారు చేశాము. ఆటోలో మైకు పెట్టి హెచ్చరిస్తే వినబడనివారు, మేడ ఎక్కలేనివారు, రాత్రిపూట ఒంటరిగా ఉండేవారు ఎవరో గుర్తించి, ప్రతి ఒక్కరికీ ఇద్దరు ఇరుగుపొరుగు వారిని బాధ్యులుగా ఒప్పించాము. రేషన్ కార్డు నీళ్లలో కొట్టుకుపోయినా సాయం ఆగకుండా ఈ జాబితానే ఆధారం చేసుకుంటాము.

ఒకే మార్కు ఎందుకు వద్దన్నాము

ప్రతి ఊరికీ నూటికి ఇన్ని అని ఒక మార్కు ఇస్తే పోల్చడం సులువు కదా అని కొందరు సభ్యులు సూచించారు. కార్యవర్గం చర్చించి వద్దనుకుంది. బడి బాగున్నందుకు వచ్చే మార్కులు కొళాయి దగ్గర నిలబడిపోయిన అవ్వను కప్పేస్తాయి. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన బహుముఖ పేదరిక సూచీ 12 అంశాలతో ఎంతో శ్రద్ధగా చేసిన పని. అయినా దాని కొలమానం కుటుంబం. ఇల్లు పేదది కాదని తేలితే ఆ ఇంట్లోని అందరూ పేదలు కానట్టే. పుట్టింటికి చేరిన వితంతువు, చదువు మానేసిన మూగ పిల్ల ఆ ఇంటి లెక్కలో కలిసిపోతారు. కాబట్టి మేము ఒక్కొక్క వర్గం పరిస్థితిని విడిగానే రాస్తున్నాము. ఇలా విడదీసిన లెక్కలు కావాలని 2015 నాటి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు కూడా కోరుతున్నాయి.

గోప్యత విషయంలో ఒక నియమం పెట్టుకున్నాము. ఖర్చయిన ప్రతి రూపాయినీ ఊరి ముందు చదువుతాము. మనుషుల ఆరోగ్యం, వైకల్యం, హిజ్రాల గుర్తింపు వంటి వివరాలను మాత్రం ఎక్కడా చదవము, గోడలకు అంటించము. పేర్లున్న పుస్తకం కార్యదర్శి బీరువాలోనే ఉంటుంది. వద్దన్నవారి వివరాలు రాయలేదు.

ఆదాయ వ్యయాల పట్టిక, ఆడిటరు నివేదిక అనుబంధంలో ఉన్నాయి. సమావేశాలకు రాలేనివారిని తీసుకువచ్చిన ఆటోల బాడుగను, లంబాడీ, కన్నడం చెప్పినవారి భృతిని వేరే పద్దుగా చూపించాము. వీటిని దుబారాగా కాక, కార్యక్రమంలో భాగంగానే చూడాలని మనవి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఈ ప్రతిపాదనలను సభ్యుల ఆమోదానికి ఉంచుతోంది. అవే ఊళ్లలో అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, మార్పు వచ్చిందో లేదో చూడాలి. ఏ కార్యక్రమ నివేదికలోనైనా వచ్చినవారి వివరాల పక్కనే, రావలసి ఉండీ రానివారి వివరాలు, దానికి కారణం ఉండాలి. సేకరించిన వివరాలను ఆయా వాడల్లోనే, వారి భాషలోనే చెప్పి, తప్పులుంటే సరిచేయించుకోవాలి. సంఘం నియమావళిని సవరించి, కార్యవర్గంలో తండాల నుంచి ఒకరికి, వికలాంగుల నుంచి ఒకరికి ఓటు హక్కుతో కూడిన స్థానం కల్పించాలి. ఈ చివరి ప్రతిపాదనకు మూడింట రెండు వంతుల సభ్యుల ఆమోదం అవసరం గనుక, సర్వసభ్య సమావేశానికి తప్పక హాజరై ఓటు వేయవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం,
అనంతపురం