పసిపిల్లల గౌను తిరగేసి కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లలకు ఇంట్లోనే బట్టలు కుట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో ఫోటోలతో సహా వేశారు. చూసి చాలా సంతోషమేసింది, ఎందుకంటే కుట్లు అల్లికలు అనే మాట పేపర్లో కనబడి ఎన్నాళ్ళయిందో. కానీ ఒక్క విషయం అడగాలి. గౌన్ల ఫోటోలన్నీ ముందు నుంచే తీశారు, ఒక్కటైనా తిరగేసి చూపించలేదు. మనకు కనబడేది గౌను బయటి వైపే అయినా, పిల్ల ఒంటికి రోజంతా రాసుకునేది లోపలి వైపు కదండీ.

నాకిది దెబ్బ తిన్నాక తెలిసింది. మా పాప మొదటి పుట్టినరోజుకి ఇక్కడ బెంగళూరులోనే ఒక పెద్ద షాపులో నెట్ గౌను కొన్నాం. మెడ చుట్టూ ముత్యాలు, నడుముకి పెద్ద బో, వచ్చినవాళ్ళంతా ముచ్చటపడ్డారు. కేక్ కోయకముందే పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆకలేమో, నిద్రేమో, జనాన్ని చూసి బెదిరిందేమో అని తలా ఒకరం ఎత్తుకుని తిప్పాం గానీ గౌను విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. రాత్రి విప్పితే చంక కింద వేలెడు పొడుగున ఎర్రగా గీత, ఒరుసుకుపోయి ఉంది. లోపల లైనింగ్ ఉంది కానీ చంక దగ్గర నెట్ అంచు అలాగే వదిలేశారు, ముట్టుకుంటే బ్రష్ లాగా గరుగ్గా తగిలింది. అంతలో పాప ఏదో చప్పరిస్తోందని నోరు తెరిపించి చూస్తే నాలుక మీద తడిగా తెల్లటి ముత్యం. దానంతట అదే ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది, ఆ పూట మాత్రం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

బొమ్మలకైతే మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 3 ఏళ్ళలోపు పిల్లల బొమ్మల నుంచి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టేసే ముక్క ఏదీ ఊడి రాకూడదన్నది అందులో లెక్క. పాత కెమెరా ఫిల్ము డబ్బా గుర్తుందా, దాదాపు అంత వెడల్పు. గౌను మీద ముత్యమైనా, హెయిర్ బ్యాండు మీద పువ్వు మధ్యలో పెట్టే రాయి అయినా పిల్లకి నోట్లో పెట్టుకునే వస్తువే. మీరు వేసిన ఫోటోల్లో కూడా పూసలు, చెమ్కీలు ఉన్నాయి, అందుకే ఇంత చెబుతున్నాను.

ఆ తర్వాత నేనే కుట్టడం మొదలుపెట్టాను. మా అత్తయ్య దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉతికి ఉతికి మెత్తబడ్డ మంగళగిరి చీర ఒకటి ఉంటే అదే కత్తిరించాం. పురిటి పిల్లలకు పాత నూలు గుడ్డే వేయమనేవాళ్ళు మన ఇళ్ళల్లో, గంజీ రంగూ అన్నీ పోయాక మిగిలే ఆ మెత్తదనం కోసమే అది. పాప పుట్టినప్పుడు అత్తయ్య జుబ్బాలన్నీ తిరగేసి తొడిగేది, కుట్టు బయటికి, నున్నటి వైపు ఒంటికి. నేను అప్పుడు ఫోటోల్లో బాగుండదని మళ్ళీ సరిచేసి వేసేదాన్ని. ఆవిడ చేసిందే సరైన పని.

ఇప్పుడు కుట్టు ఎలా వేస్తున్నానంటే, గుడ్డ మంచి వైపు బయటికి ఉండేలా రెండు ముక్కలూ పెట్టి అంచుకి దగ్గరగా సన్నగా ఒక కుట్టు వేసి, మిగిలిన పోగులు కత్తిరించేసి, తిరగేసి, ఆ అంచు మొత్తం లోపల ఇరుక్కుపోయేలా ఇంకో కుట్టు. అంచు పోగులు ఊడకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ అక్కర్లేదు, వేలితో తడిమితే ఎక్కడా పోగు తగలదు. చేత్తో కుట్టినా వస్తుంది, నాకు ఆఫీసు నుంచి వచ్చాక ఒక గౌనుకి నాలుగు సాయంత్రాలు పట్టింది. కొత్త గుడ్డైతే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి. చిక్కపేటలో కొన్న ఒక కట్ పీస్ అలా చేయకుండా కుట్టేశాను, మొదటి ఉతుకుకే మెడ బిగుసుకుపోయింది.

మెడ గురించి ఒక మాట. ఏడాది వయసులో పిల్లల తల చుట్టుకొలతా ఛాతీ చుట్టుకొలతా ఇంచుమించు ఒకటే, 45, 46 సెంటీమీటర్లు ఉంటాయి. మన జాకెట్టు లెక్కన మెడ గీస్తే తల పట్టదు, బలవంతంగా లాగితే పిల్ల గౌను చూస్తేనే ఏడుస్తుంది. నేను ఒక భుజం మీద తెరిచి రెండు చపటా గుండీలు పెట్టాను, వెనక చిన్న గుడ్డముక్క ఆసరా వేసి. తొడిగే ప్రతిసారీ వాటిని గట్టిగా లాగి చూస్తాను.

మెడ దగ్గర తాళ్ళు మాత్రం దయచేసి చూపించకండి. డిసెంబరు చలికి ఇక్కడ అందరం పిల్లలకు ఉన్ని కుల్లాయి వేస్తాం, గడ్డం కింద కట్టే తాడుకి కుచ్చులు కూడా వేలాడతాయి. జారుడు బల్ల మీదో, ఉయ్యాల దగ్గరో ఆ తాడు చిక్కుకుంటే మెడకి ఉరే. అమెరికాలో 1996లోనే పిల్లల బట్టల మెడ దగ్గర, వాటికే కుట్టి ఉండే టోపీ దగ్గర లాగి కట్టే తాళ్ళు వద్దని మార్గదర్శకాలు ఇచ్చారు, అక్కడ పిల్లలు చనిపోయాకే. మా పాప కుల్లాయికి తాడు తీసేసి, చెవుల మీదికి దిగేలా అల్లి, అంచుకి రెండంగుళాలు సాగే అల్లిక వేశాం, ఊడిపోకుండా బాగానే ఉంది. హెయిర్ బ్యాండ్ నిద్రపోయేటప్పుడు తీసేస్తాం. ఇంకోటి, చేతి గ్లవ్స్, సాక్సు లోపల వేలాడే పోగులు. అవి పసిపిల్లల వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు, వేలు వాచి నల్లబడే దాకా పోవచ్చు. బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. అందుకే ఎవరు ప్రేమగా అల్లి ఇచ్చినా తొడిగేముందు తిరగేసి పోగులు కత్తిరించండి.

ఇదంతా చదివి ఎవరూ టెన్షన్ పడి కుట్టడం మానేయకూడదు. కుట్టుకోవడంలో ఉన్న సుఖమే వేరు. మా అమ్మ నా పట్టు పరికిణీ అంచు పైన రెండు మడతలు వేసి కుట్టించేది, ఏడాదికొకటి విప్పేది. విప్పినచోట వెలిసిపోని ముదురు ఆకుపచ్చ పట్టీ ఒకటి బయటపడేది, ఎంత పొడుగయ్యానో దాన్ని చూసి లెక్కపెట్టుకునేదాన్ని. పాప గౌనుకీ అలాంటి మడత ఒకటి వేశాను.

కాబట్టి ఈ శీర్షిక ఆపకండి. ఈసారి వేసేటప్పుడు ఏ వయసుకి, మెడ ఎంత, చంక ఎంత అని కొలతలు ఇవ్వండి, ప్రతి గౌనుకీ లోపలి వైపు ఫోటో ఒకటి పక్కనే వేయండి. నేను కుట్టిన గౌను తిరగేసి, చంక దగ్గర కుట్టు దగ్గరగా కనబడేలా తీసిన ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పనికొస్తే వాడుకోండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు